స్లీవ్‌ను బైపాస్‌గా మార్పించుకున్నాను: మంట పోయింది కానీ ముద్ద దిగడం లేదు

వశిష్ఠ_గట్టు | రాజోలు | సోమవారం రాత్రి

అందరికీ నమస్కారం. కొన్నేళ్ల కిందట బరువు కోసం, షుగరు కోసం స్లీవ్ ఆపరేషన్, అంటే పొట్టను చాలావరకు కోసి సన్నని గొట్టంలా మిగల్చడం, చేయించుకున్నాను. బరువు బాగా తగ్గింది, షుగరు మాత్రలూ తగ్గాయి. ఆ సంబరం ఏడాది నిలిచింది. ఆ తరవాత ఛాతీలో మంట మొదలైంది. మొదట్లో ఆవకాయ మానేస్తే సరిపోయేది, పోనుపోను చారులో మిరియం కూడా పడకుండా పోయింది. రాత్రి నడుం వాల్చితే పుల్లనీళ్లు గొంతులోకి ఎగదన్నేవి, దగ్గుకుంటూ లేచి కూర్చునేదాన్ని. మంచానికి తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టించాను. ఆమ్లం తగ్గించే పాంటాప్రజోల్ మాత్ర రెండు పూటలా వేసుకున్నాను. ఆస్తమా అన్నారని కొన్నాళ్లు ఇన్‌హేలర్ కూడా వాడాను. బడిలో పాఠం చెప్పే ఉద్యోగం నాది, మధ్యాహ్నానికల్లా గొంతు బొంగురుపోయేది.

చివరికి ఎండోస్కోపీ చేస్తే అన్నవాహిక అడుగున పుండ్లు ఉన్నాయి, సి గ్రేడు, అంటే బాగా ముదిరాయి అన్నారు. దానికి తోడు హయాటల్ హెర్నియా, అంటే పొట్ట పైభాగం డయాఫ్రం రంధ్రంలోంచి ఛాతీలోకి జారడం. విశాఖపట్నంలో ఆ హెర్నియాను సరిచేసి, స్లీవ్‌ను రూ-ఎన్-వై గ్యాస్ట్రిక్ బైపాస్‌గా, అంటే పొట్ట పైన చిన్న సంచి చేసి దానికి చిన్నపేగును నేరుగా కలిపే పద్ధతికి, మార్చారు.

మంట మాత్రం ఆసుపత్రిలోనే పోయింది, ఇది అబద్ధం కాదు. ఇంటికి వచ్చాక ఇటుకలు తీయించేశాను. ఇప్పుడు ద్రవాలు దాటి మెత్తని తిండికి వచ్చాను. చిక్కంతా ఇక్కడే వచ్చింది. మూడో చెంచాకు రొమ్ము మధ్యలో ఏదో అడ్డం పడినట్టు పట్టేస్తుంది, నోట్లో నీరూరుతుంది, కాసేపటికి తెల్లని నురగ వాంతి అవుతుంది. ఒళ్లు తేలిపోతుంటుంది. మా అత్తగారేమో నేతి అన్నం కలిపిన గిన్నె పట్టుకుని వెనకాలే తిరుగుతున్నారు, "ఇంతే తింటే మనిషివి ఎలా నిలబడతావే" అంటూ. ఇది చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీకు తిండి ఎప్పటికి కుదురుకుంది?

తణుకు_వంటిల్లు | మంగళవారం ఉదయం

అమ్మాయీ, నాదీ ఇదే దారి. స్లీవ్, మంట, ఆ పైన బైపాస్. ఆ నురగ నాకు బాగా పరిచయం. ముద్ద కిందికి దిగకపోతే అన్నవాహిక లాలాజలాన్ని ఊరించి ఊరించి బయటికి తోస్తుంది, అదే నురగ. సాధారణంగా మూడు తప్పుల్లో ఒకటి జరిగి ఉంటుంది: త్వరగా తినడం, పెద్ద ముద్ద పెట్టడం, తింటూ నీళ్లు తాగడం. తిన్న తరవాత అరగంట దాకా నీళ్లు ముట్టకండి.

ఇప్పుడు అన్నం జోలికి వెళ్లకండి. మెత్తగా వండినా అది లోపల ముద్ద కట్టి కూర్చుంటుంది. ఇడ్లీ మెత్తనిదే కదా అనుకుంటాం, అదీ జిగురే. నాకు ముందు దిగినవి ఏవంటే: చిక్కని పెసరకట్టు, గిలక్కొట్టిన పెరుగు, నూనె లేకుండా మెత్తగా వండిన గుడ్డు, ఆవిరి మీద ఉడికించి చేత్తో చిదిమిన కొర్రమీను. చేపను పల్చటి చారులో తడిపి, కాఫీ చెంచాతో పెట్టుకోవాలి. చెంచా బల్ల మీద పెట్టేయండి, నమలడం అయ్యేదాకా మళ్లీ ఎత్తవద్దు. ముక్కు కారినా, ఎక్కిళ్లు వచ్చినా ఇక చాలని లెక్క. ఆ తరవాత పెట్టుకునే చెంచానే వాంతి.

గంజి, బార్లీ నీళ్లు, సగ్గుబియ్యం జావ ఇవే పథ్యమని మన వైపు పెద్దవాళ్లు తోసేస్తారు. వాటిలో మాంసకృత్తులు దాదాపు లేవు. రోజుకు కనీసం 60 గ్రాములు కావాలి. గుడ్డుకు 6 గ్రాములు, 100 గ్రాముల చేపకు సుమారు 18. చెంచాలతో తినే మనిషికి ఇది ఎలా కుదురుతుందంటే, తినే ప్రతి చెంచాలోనూ అది ఉండాల్సిందే. అందుకే కొన్నాళ్లు ప్రొటీన్ పొడి తప్పదు. పల్చటి మజ్జిగలో కలిపితే కొంత నయం, పాలలో కలిపితే నాకు కడుపు ఉబ్బరించేది.

అత్తగారి గిన్నె సంగతి తరవాత చెబుతాను, దానికి పెద్ద పథకం వేయాలి.

నైట్‌డ్యూటీ | కాకినాడ | మంగళవారం మధ్యాహ్నం

నేను వైద్యురాలిని కాను, సర్జికల్ వార్డులో నర్సును. మీ డాక్టరు మాట ముందు, నా మాట తరవాత.

మంట ఎందుకు పోయిందో తెలిస్తే మిగిలిన జాగ్రత్తలు సులువుగా అర్థమవుతాయి. స్లీవ్‌లో పొట్టను నాలుగింట మూడు వంతులకు పైగా కోసి తీసేస్తారు. మిగిలేది సన్నని గొట్టం. దాని అడుగున పైలోరస్ అనే కవాటం ఎప్పటిలాగే ఉంటుంది. లాకు తలుపులు మూసిన పిల్లకాలువలోకి నీళ్లు వదిలితే వెనక్కి ఎగదన్నక ఏం చేస్తాయి? పైగా అన్నవాహిక పొట్టలో కలిసేచోట సహజంగా ఉండే మలుపు ఈ ఆపరేషన్‌లో చెదిరిపోవచ్చు, హెర్నియా ఉంటే మరీ అన్యాయం. అందరికీ రాదు, వచ్చినవాళ్లకు మాత్రం నరకమే.

బైపాస్‌లో పైన 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని విడదీసి దానికి చిన్నపేగును నేరుగా కలుపుతారు. ఆ సంచిలో ఆమ్లం తయారుచేసే కణాలు బాగా తక్కువ. మిగిలిన పొట్ట లోపలే ఉండి ఆమ్లం ఊరిస్తూనే ఉంటుంది, కానీ అదీ, పైత్యరసమూ మీటరో మీటరున్నరో కిందన పేగులో కలుస్తాయి. అంత దూరం వెనక్కి రాలేవు కాబట్టి మీరు ఇటుకలు తీయించగలిగారు.

రెండోసారి ఆపరేషన్ మొదటిదానికన్నా కష్టం. పాత కుట్ల చోట కణజాలం గట్టిపడి, అతుక్కుపోయి ఉంటుంది. లీకు ముప్పు కూడా మొదటిసారికన్నా ఎక్కువే. తొలి వారాల్లో నాడి 120 దాటి ఆగకుండా కొట్టుకోవడం, జ్వరం, ఎడమ భుజంలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం, పిక్క వాచి నొప్పి పెట్టడం, నల్లటి విరేచనం, వీటిలో ఏది కనిపించినా ఇక్కడ రాస్తూ కూర్చోకండి, ఆసుపత్రికి వెళ్లండి. నీరసం మాత్రం చాలామందికి నెలల తరబడి ఉంటుంది. బడికి వెళ్లడానికి తొందరపడకండి. ఇంట్లో నడవండి, బరువులు ఎత్తవద్దు.

కొబ్బరి_దింపు | అమలాపురం దగ్గర | మంగళవారం సాయంత్రం

ఏమీ అనుకోకండి. గ్యాసుకీ మంటకీ రెండేసి ఆపరేషన్లా? మా బావమరిది పరగడుపున జీలకర్ర నీళ్లు, పదింటికి లేత బోండాం నీళ్లు తాగి తగ్గించుకున్నాడు. చెట్టు మన పెరట్లోనే ఉండగా విశాఖపట్నం దాకా ఎందుకు?

వశిష్ఠ_గట్టు | మంగళవారం రాత్రి

అన్నయ్యా, మాది కొబ్బరితోటే. తాగినవి తాగినట్టే గొంతులోకి వచ్చేవి.

నైట్‌డ్యూటీ | మంగళవారం రాత్రి

మీ బావమరిదికి తగ్గడం సంతోషం. మంట ఉన్న చాలామందికి తిండి సర్దుబాటు, కొంత బరువు తగ్గడం, డాక్టరు రాసిన మాత్ర భోజనానికి అరగంట ముందు వేసుకోవడం, వీటితోనే కుదురుతుంది. ఆపరేషన్ దాకా రాదు. ఈవిడ సంగతి వేరు. మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తుంది కానీ పైకి ఎగదన్నడాన్ని ఆపదు. ఎన్నేళ్లయినా పుండు మానకపోతే అన్నవాహిక లోపలి పొర మారిపోయే ప్రమాదం ఉంది, దాన్ని బారెట్స్ అంటారు. క్యాన్సరుకు అది ముందు మెట్టు కావచ్చు కాబట్టే ముక్క తీసి పరీక్షిస్తారు. బోండాం నీళ్లు మంచివే, ఈవిడ కూడా గుక్క గుక్కగా తాగవచ్చు. గోళీసోడా మాత్రం వద్దు.

ఆక్వా_భీమవరం | బుధవారం

నాకు బైపాస్ నేరుగా మొదటిసారే చేశారు, కాబట్టి మంట కథ నాకు లేదు. కానీ తీపి కథ ఉంది, చెప్పి తీరాలి.

మేనకోడలి పెళ్లి. కుదురుకున్నాననే ధీమాతో వియ్యాలవారి మొహమాటం మీద ఆత్రేయపురం పూతరేకు ఒకటి తిన్నాను. బెల్లం, నెయ్యి, జీడిపప్పు, కాగితమంత పల్చటిది, ఏం చేస్తుందిలే అనుకున్నాను. ఇంకా విస్తరి ముందే ఉన్నాను, గుండె దడ మొదలైంది. చొక్కా వీపుకు అంటుకునేంత చెమట, కడుపులో మెలితిప్పినట్టు నొప్పి. కల్యాణమండపం వెనక గదిలో బియ్యం బస్తాల పక్కన పడుకుంటే, గుండెపోటని ఎవరో అంబులెన్సుకు ఫోను చేశారు. కాదు బాబూ, పూతరేకు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

దీన్ని డంపింగ్ అంటారని తరవాత డైటీషియన్ చెప్పారు. తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే అరగంటలోపు ఇలా అవుతుందట. కొందరికి గంట నుంచి మూడు గంటల తరవాత షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయట, అది రెండో రకం. ఇప్పుడు పెళ్లికి వెళితే ముందే ఇంట్లో గుడ్డు తిని వెళ్తాను. విస్తరిలో అన్నీ వడ్డించనిస్తాను, ముట్టను. మన జిల్లాల్లో వద్దంటే వినరు, వడ్డించనిస్తే వదిలేస్తారు. తాపేశ్వరం కాజా పెట్టెలు ఇప్పటికీ వస్తుంటాయి, చెరువు మీద కాపలావాళ్లకు పండగ.

తణుకు_వంటిల్లు | బుధవారం

పడీ పడీ నవ్వాను. మంచిదే, ఆ భయం నాలుగు రోజులు ఉంటే ఒంటికి మేలు.

వశిష్ఠ_గట్టు | శుక్రవారం తెల్లవారుజామున

చెంచా కింద పెట్టి తినే పద్ధతి చేశాను. మొదటి రోజు బాగానే ఉంది. నిన్నటి నుంచి పెసరకట్టు కూడా దిగడం లేదు. రాత్రి నుంచి నీళ్లు కూడా గుక్క వేస్తే కాసేపటికి తిరిగి వస్తున్నాయి. జ్వరం లేదు, నొప్పి లేదు. వీధి చివర ఆర్.ఎం.పి. గారు గ్లూకోజు సెలైను ఎక్కిస్తాను, లేచి తిరుగుతావు అంటున్నారు. ఎక్కించుకోమంటారా?

నైట్‌డ్యూటీ | శుక్రవారం తెల్లవారుజామున

వద్దు. డ్యూటీలోనే ఉన్నాను, చూడగానే రాస్తున్నాను. వెంటనే మీ సర్జన్ నంబరుకు ఫోను చేసి, నీళ్లు కూడా నిలవడం లేదన్న మాట మొదటే చెప్పండి. సంచికీ పేగుకీ వేసిన అతుకు మానేటప్పుడు కొందరికి బిగుసుకుపోతుంది. ఇలా ఆపరేషన్ అయిన కొన్ని వారాలకే బయటపడుతుంది. అదే అయి ఉండవచ్చు, పుండు కావచ్చు, చూస్తే కానీ తెలియదు.

గ్లూకోజు ఎందుకు వద్దంటున్నానంటే, రోజుల తరబడి వాంతులైన మనిషి ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మనిషి అయోమయంగా అయిపోవడం దాని గుర్తులు. ముందు థయమిన్ ఇంజెక్షన్, తరవాతే గ్లూకోజు. ఎక్కడ చేరినా మీవాళ్లను ఈ మాట డాక్టరుకు చెప్పమనండి. కారులో వెళ్తే కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా దారిలో దిగి కాళ్లు కదిలిస్తూ వెళ్లండి.

నిర్వాహకులు | శుక్రవారం ఉదయం

సభ్యులకు మనవి: ఇలాంటి స్థితిలో ఇంటి చిట్కాలు రాయవద్దు. రాసినవి రెండు తొలగించాం. వశిష్ఠ_గట్టు గారు వీలైనప్పుడు క్షేమం తెలియజేయగలరు.

కొబ్బరి_దింపు | శుక్రవారం ఉదయం

తొలగించినవాటిలో ఒకటి నాదే. సరే. అమ్మా, వెళ్లాక ఒక ముక్క రాయి.

వశిష్ఠ_గట్టు | ఆదివారం

క్షేమం. నైట్‌డ్యూటీ గారు ఊహించిందే. ఎండోస్కోపీలో చూస్తే అతుకు దగ్గర దారి బాగా సన్నబడింది. మత్తిచ్చి, గొట్టంతోనే బెలూన్ పంపి, దాన్ని ఉబ్బించి వెడల్పు చేశారు. కోత లేదు. ముందు థయమిన్ ఇచ్చారు, మావారు మీ మాట కాగితం మీద రాసుకుని వెళ్లి చూపించారు. నాకు మెలకువ వచ్చాక నర్సు ఇచ్చిన నీళ్లు గుక్క వేసి, అవి కిందికి జారడం తెలిసింది. అక్కడే ఏడుపు వచ్చేసింది. కొందరికి మళ్లీ బిగుసుకుంటుంది, ఒకటి రెండు సార్లు చేయాల్సి రావచ్చు అన్నారు. మళ్లీ ద్రవాల నుంచి మొదలుపెట్టమన్నారు.

గౌతమి_వంతెన | యానాం | ఆదివారం రాత్రి

ఈ చర్చ మొత్తం చదివాను. నేను స్లీవ్ చేయించుకుని మంటతో ఉన్నవాడిని. నాకు మినీ బైపాస్ సరిపోతుందని ఒక చోట అన్నారు, రూ-ఎన్-వై చేయాలని మరో చోట అన్నారు. ఇంకో ప్రశ్న, మార్పించుకున్నాక బరువు మళ్లీ తగ్గుతుందా? నిజం చెప్పాలంటే దాని మీద కూడా ఆశ ఉంది.

నైట్‌డ్యూటీ | సోమవారం

మినీ బైపాస్‌లో అతుకు ఒక్కటే. పైత్యరసం సంచి ముందునుంచే పారుతుంది కాబట్టి అది పైకి రావడానికి కొంత వీలుంది. అందుకే మంట కోసమే మార్చేటప్పుడు ఎక్కువమంది సర్జన్లు రూ-ఎన్-వై వైపు మొగ్గుతారు. మీ సర్జన్‌ను అడగాల్సింది ఏమిటంటే: ఎండోస్కోపీ చేశారా, బేరియం తాగించి ఎక్స్‌రే తీశారా, హెర్నియా ఉందా, స్లీవ్ మధ్యలో ఎక్కడైనా నొక్కుకుపోయిందా, అన్నవాహికలో 24 గంటల ఆమ్ల పరీక్ష, కండరాల ఒత్తిడి పరీక్ష అవసరమా? ఇవేవీ చూడకుండా తేదీ ఇచ్చేస్తుంటే ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి.

పొగ తాగుతారా? తాగితే ముందు అది మానండి. అతుకు దగ్గర పుండు పడటానికి దానికి మించిన దారి లేదు.

తణుకు_వంటిల్లు | సోమవారం

బరువు సంగతి నన్ను చెప్పనివ్వండి. రెండోసారికి మొదటిసారంత తగ్గదు. నాకు కొద్దిగా తగ్గి ఆగింది. చుట్టాలు కొందరు "ఇంత ఖర్చు పెట్టి ఇంతేనా" అన్నారు. నేను వెల్లకిలా పడుకుని తెల్లవారేదాకా నిద్రపోతున్నాను, అది వాళ్ల లెక్కలోకి రాదు. తూకం మీద ఆశతో దీనికి వెళ్లేవాళ్లు రెండు రకాలా నష్టపోతారని నా అభిప్రాయం. మంట కోసం వెళ్తేనే వెళ్లండి బాబూ. ఇంకో మాట, మూడు నాలుగు నెలలకు జుట్టు ఊడుతుంది. దువ్వెన చూసి హడలిపోకండి, మాంసకృత్తులూ ఐరనూ సరిగ్గా అందితే చాలావరకు తిరిగి వస్తుంది.

ఆక్వా_భీమవరం | సోమవారం

మోకాళ్ల నొప్పుల సూది సంగతి కూడా ఎవరైనా చెప్పండి. మా వైపు ఒళ్లు నొప్పులనగానే డైక్లోఫెనాక్ పొడిచేస్తారు.

నైట్‌డ్యూటీ | సోమవారం

బైపాస్ అయినవాళ్లకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆ జాతి మాత్రలేవీ పనికిరావు. అతుకు దగ్గర పుండు పడుతుంది. కడుపులోకి వెళ్లదు కదా, సూదే కదా అంటారు. సూదిగా వేసినా రక్తంలోంచి అదే పని చేస్తుంది. నొప్పికి పారాసెటమాల్, అది చాలకపోతే మీ డాక్టరు చెప్పింది. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవాళ్లు సొంతంగా ఆపకండి, డాక్టరును అడగండి. "గ్యాస్ట్రిక్ బైపాస్ అయింది, ఈ నొప్పి మందులు వద్దు, వాంతులుంటే ముందు థయమిన్" అని ఒక కార్డు మీద రాసి పర్సులో పెట్టుకోండి. పొలం గట్టు మీద పడిపోతే మీ బదులు అదే మాట్లాడుతుంది. నెలలు, ఏళ్లు గడిచాక అయినా ఉన్నట్టుండి కడుపులో మెలిపెట్టే నొప్పి వచ్చి తగ్గకపోతే పేగు లోపల ఇరుక్కుని ఉండవచ్చు, గ్యాసని సరిపెట్టుకోవద్దు.

వశిష్ఠ_గట్టు | తరవాతి శనివారం

పెరుగు, గుడ్డు, చేప, ఈ మూడూ దిగుతున్నాయి. నురగ లేదు. పడక మామూలుగానే ఉంది. అత్తగారి పథకం ఏమిటో తణుకు పిన్నిగారు ఇంకా చెప్పలేదు. ఇంకో సందేహం: మాత్రలు ఇన్ని ఇచ్చారు, అన్నీ పొద్దున్నే ఒకేసారి వేసేసుకోవచ్చా? బడికి వెళ్లడం మొదలైతే మధ్యాహ్నం గుర్తుండదు. ఇంట్లోవాళ్లు మరోటి అడుగుతున్నారు, శ్రావణానికి పులస వస్తే నేను తినవచ్చా అని!

తణుకు_వంటిల్లు | శనివారం

ఐరన్, క్యాల్షియం కలిపి వేసుకుంటే ఒకదాన్నొకటి ఒంటికి పట్టనివ్వవు. మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి. టీతో ఐరన్ అసలు వద్దు. క్యాల్షియం సిట్రేట్ రకం అడగండి, కార్బొనేట్ అరగడానికి ఆమ్లం కావాలి, మన సంచిలో అది బాగా తక్కువ. దాన్ని కూడా ఒక్క మోతాదుగా కాకుండా విడదీసి వేసుకోవాలి. బి12 నేను నెలకోసారి సూదిగా తీసుకుంటాను, కొందరికి మాత్ర ఇస్తారు, మీ డాక్టరు ఇష్టం. ఇవి జీవితాంతం, రక్తపరీక్షలూ అంతే. నేను ఐరన్ రాత్రి పడుకునే ముందు, క్యాల్షియం పగలు వేసుకుంటాను. బడి గంటకు ఒక మాత్ర ముడిపెట్టండి, పిల్లలే గుర్తుచేస్తారు.

అత్తగారికి పని అప్పగించాలి, అదే పథకం. చేప ముళ్లు తీసి చిదమడం ఆవిడకు ఇచ్చేయండి. పులసకు ముళ్లు మరీ ఎక్కువ, ఆ పని ఆవిడ తప్ప ఎవరూ చేయలేరని చెప్పండి. అప్పటికి మీరు మామూలు తిండికి వచ్చి ఉంటే చిదిమిన ముక్క రెండు చెంచాలు, పులుసు కారం తక్కువగా. మిగతాది మీవారి వంతు అనకండి, ధర వింటే ఆయనకు మంట మొదలవుతుంది.